పెళ్ళికొడుకు ఇల్లు చూడటానికి ఓడ ఎక్కాం

మా వైపు పిల్లనిచ్చే ముందు పెద్దవాళ్ళు వెళ్ళి పెళ్ళికొడుకు ఇల్లు చూసి వస్తారు. వాకిలి ఎటు ఉంది, వంటింట్లో వెలుతురు పడుతుందా, నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి, పక్కింటివాళ్ళు ఆ కుర్రాడి గురించి ఏమంటారు, ఇవన్నీ మాటల్లో పెట్టి కనుక్కుంటారు. అలా నేను చూసిన ఇళ్ళు చాలానే ఉన్నాయి. పెంకుటిళ్ళు చూశాను, డాబాలు చూశాను, చేపల చెరువు గట్టు మీద రేకుల షెడ్డు కూడా ఒకటి చూశాను. కాకినాడ రేవులో కట్టిన ఓడని పెళ్ళికొడుకు ఇల్లుగా చూసి రావడం మాత్రం మొన్న చలికాలంలోనే. మా చుట్టుపక్కల ఇంకెవరూ అలా వెళ్ళలేదు కనక, ఆ సంగతులు గుర్తున్నంతవరకు చెబుతాను.

భీమడోలు

శ్రావణి మా అక్క కూతురు. అక్క పోయి చాలా ఏళ్ళయింది. పిల్ల సగం భీమడోలులో నా దగ్గర, సగం తాడేపల్లిగూడెంలో వాళ్ళ నాన్న దగ్గర పెరిగింది. ఇప్పుడు గూడెంలో వాళ్ళ ఉల్లిపాయల కొట్లో నాన్నతోపాటు తనూ కూర్చుంటుంది. ఉల్లిపాయని వేళ్ళతో నొక్కి, ఇది ఎన్నాళ్ళు నిలవుంటుందో చెప్పేస్తుంది.

దానికి రెండు సంబంధాలు వచ్చాయి. ఒకటి జంగారెడ్డిగూడెంలో. ఎరువుల కొట్టు, సొంత డాబా, పామాయిల్ తోట. రెండోది కొల్లేటి లంక ఊళ్ళో పుట్టి, ఏలూరులో చదువుకున్న సూరిబాబు. తండ్రికి ఏలూరులో చిన్న కిరాణా కొట్టు ఉంది. కుర్రాడు కోస్ట్ గార్డులో నావిక్. తీరానికి బాగా దూరంగా తిరిగే గస్తీ ఓడ మీద ఉద్యోగం.

మా బావగారికి, అంటే శ్రావణి నాన్నకి, మొదటిది నచ్చింది. "నేల మీద నిలకడగా ఉండనివాడికి పిల్లనెలా ఇవ్వను రమణమ్మా" అంటారు. పిల్లకి రెండోవాడు నచ్చాడు. ఫోన్లో మాట్లాడుకున్నారు. నచ్చినా సరే, అదీ పూర్తిగా ఔననలేదు. ఆదివారం లోపల జంగారెడ్డిగూడెం వాళ్ళకి ఏదో ఒకటి చెప్పెయ్యాలి. అంతలో ఆ ఓడ కాకినాడ వచ్చింది, సిబ్బంది బంధువులు ఎక్కి చూడొచ్చన్నారని సూరిబాబు కబురు చేశాడు. "మా ఇల్లు ఏలూరులో ఉంది గానీ నేనుండేది ఇక్కడ. చూస్తే ఇదే చూడాలి" అన్నాడట. ఆ మాట నాకు సబబుగానే తోచింది.

పిల్ల ముందురోజే ఫోన్ చేసింది. "పిన్నీ, మనిషి సంగతి నాకు తెలుసు. నువ్వు చోటు చూసి రా. ఆయన లేనన్నాళ్ళు కళ్ళు మూసుకుంటే నాకు ఏదో ఒకటి కనపడాలి కదా. ఏం కనపడాలో నువ్వు చూసొచ్చి చెప్పు. నువ్వు ఔనంటే ఔను, కాదంటే కాదు."

ఇంత బరువు నా నెత్తిన పెట్టి, కొట్లో ఎవరో వచ్చారని పెట్టేసింది.

గూడెం

పొద్దున్న ప్యాసింజరు భీమడోలులో ఎక్కాను. బావగారు గూడెంలో ఎక్కారు. గూడెం స్టేషన్ దగ్గర పడేసరికి పెట్టెలోకి ఉల్లిపాయల వాసన వస్తుందని మా వాళ్ళు అంటారు గానీ, నాకు మాత్రం పకోడీల వాసనే ముందొచ్చింది. పొట్లం ఇరవై రూపాయలు. వేయించిన ఉల్లిపాయ ముక్క ఒక్కోటి తీగలా సాగి, కరకరలాడుతూ ఉంది.

మా దగ్గర ఫలహారాల సంచి కూడా ఉంది. పులిహోర, దద్దోజనం, మాగాయి. ఇది తిండి యావ కాదు, పద్ధతి. పెళ్ళికొడుకు ఇల్లు చూడటానికి వెళ్ళినవాళ్ళు మాట ఖాయమయ్యేదాకా ఆ ఇంట్లో మెతుకు ముట్టకూడదు. మంచినీళ్ళు తాగొచ్చు, అంతే. తింటే పిల్లనిచ్చినట్టే లెక్క. మా మేనమామ ఒకాయన ఇలాగే వెళ్ళి, ఆకలికి తాళలేక రెండు గారెలు తిన్నాడు. ఇక మాట వెనక్కి తీసుకోలేక అక్కడే పిల్లనిచ్చాడు. ఆ పిల్ల సుఖంగానే ఉంది, అది వేరే సంగతి.

బావగారు కూర్చోగానే సంచి మూతి విప్పి చూసి, మాగాయి ఉందని తెలిశాక స్థిమితపడ్డారు.

రైల్లో

మాకెదురుగా ఏలూరు నుంచి వస్తున్న ఒకామె కూర్చుంది. పేరు ఖాసింబీ. ఏలూరు తివాచీలు నేసే ఇంటి మనిషి, సామర్లకోటలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తోంది. వేళ్ళ చివర్లు ఉన్ని ముడులు వేసి వేసి గట్టిపడి ఉన్నాయి. తివాచీ ముందు వైపు కాదు, వెనక తిప్పి చూసి కొనాలని చెప్పింది. ముడి దగ్గర దగ్గరగా ఉంటే మనవళ్ళ కాలం దాకా ఉంటుందట.

మా వైపు వాళ్ళు బయల్దేరినవాళ్ళని "ఎక్కడికి" అని అడగరు. అపశకునం. ఆమె కూడా మర్యాదగా "ఎందాకండీ ప్రయాణం" అనే అడిగింది. సంగతి చెప్పాను. ఓడలో ఉండేవాడికి పిల్లనివ్వడమా, వద్దా అని మా బావగారు తర్జనభర్జన పడుతున్నారని కూడా చెప్పాను. బావగారు కిటికీలోంచి చేలు చూస్తూ విననట్టు కూర్చున్నారు.

"మా ఆయన లారీ నడిపాడండి ముప్పయ్యేళ్ళు" అంది ఖాసింబీ. "ఇంటిపట్టున ఉన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రిటైరయ్యి ఇప్పుడు రోజంతా ఇంట్లోనే ఉంటున్నాడు. అప్పుడే నయమండి."

బావగారు కిటికీ వైపు తిరిగే నవ్వారు. భుజాలు కదిలాయి కనక తెలిసింది.

రేవు గేటు

కాకినాడలో దిగి ఆటో కట్టించుకున్నాం. రేవు గేటు దగ్గర మొదటి దెబ్బ తగిలింది. సంచులు లోపలికి రానివ్వరట. ఆధార్ కార్డు, ఫోను, చేతిలో నీళ్ళ సీసా, అంతవరకే. పద్ధతి ప్రకారం ఓడలో తినకూడదు, తెచ్చుకున్నది లోపలికి తీసుకెళ్ళకూడదు. బావగారు టీ కొట్టు ఆవిడకి సంచి అప్పజెప్పి, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వచ్చారు. అప్పటికింకా పదకొండు కాలేదు. ఎంతసేపు, చూసి వచ్చేస్తాం కదా అనుకున్నాం.

తెల్లటి ఓడ

ఓడ అంటే నేను మసి పట్టిన నల్లటి ఇనుము అనుకున్నాను. ఇది తెల్లగా, సున్నం వేసిన కొత్త ఇల్లులా ఉంది. ముక్కు దగ్గర కాషాయం, నీలం పట్టీలు ఏటవాలుగా వేశారు. ముందు ఒక తుపాకీ, అది గుడ్డ కప్పుకుని కూర్చుంది. వెనక హెలికాప్టరు దిగడానికి పెద్ద కళ్ళం అంత చోటు. మా భీమడోలులో అంత కళ్ళం ఉన్న రైతు గుర్తు రాలేదు.

సూరిబాబు నిచ్చెన మెట్ల కింద నిలబడ్డాడు. సన్నంగా, ఎండకి నల్లబడి ఉన్నాడు. "నమస్కారమండీ, రండి రండి" అన్నాడు. ఎక్కేవాళ్ళలో యూనిఫారంలో ఉన్నవాళ్ళు పైమెట్టు దగ్గర ఆగి ఓడ వెనక జెండా వైపు సెల్యూట్ చేసి లోపలికి వెళ్తున్నారు. ఇంకొకరింటి గడప తొక్కుతున్నాం కదా అని నేను చెప్పులు విప్పేశాను. లోపలి నేల అంతా గరుకు కాగితంలా ఉంది, తడిలో జారకుండా అలా పూత వేస్తారట. నాలుగడుగులు వేసేసరికి అరికాళ్ళు మండాయి. మళ్ళీ వెళ్ళి చెప్పులు వేసుకున్నాను. అక్కడున్న ఆఫీసరు నవ్వలేదు. మర్యాదస్తుడు.

ముందు పై గదికి తీసుకెళ్ళారు. ఓడని నడిపేది అక్కడే. పెద్ద చక్రం ఉంటుందనుకున్నాను. పిల్లల ఆటబండికి ఉండేంతే ఉంది. చుట్టూ తెరలు, వాటి మీద చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో పడవట. ఏ పడవ ఎవరిది, ఎటు పోతోంది అని రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉంటారు. మన నీళ్ళలోకి వచ్చి చేపలు పట్టే బయటి దేశం పడవల్ని ఆపుతారు, దొంగ సరుకు తెచ్చేవాళ్ళని పట్టుకుంటారు, తుఫాను వస్తోందంటే వలలు వేసుకునేవాళ్ళని ఒడ్డుకి తోలుతారు. ఇవి కాక చలికాలంలో ఒడిశా వైపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, వాటికీ కాపలా కాస్తారట. ఇంత ఓడ తాబేలుకి కాపలా! మా కొల్లేట్లో గూడబాతులకి ఫారెస్టువాళ్ళు కాపలా ఉంటారు గానీ వాళ్ళకుండేది ఒక చిన్న పడవే.

తర్వాత నీళ్ళ సంగతి అడిగాను. ఇల్లు చూడ్డమంటే నీళ్ళు చూడ్డమే కదా. సముద్రం నీళ్ళని మిషన్లో పోసి మంచినీళ్ళు చేసుకుంటారట. గ్లాసుడు ఇచ్చారు. రుచీ లేదు, వంకా లేదు. కొల్లేటి ఊళ్ళలో చుట్టూ నీళ్ళు పెట్టుకుని క్యాన్ నీళ్ళు కొనుక్కుంటున్నాం. ఈ మిషన్ ఖరీదెంత అని బావగారు అడిగారు.

మధ్య మంచం

సూరిబాబు పడుకునే చోటు చూపించమన్నాను. కాస్త సిగ్గుపడి, మెట్లు దింపి తీసుకెళ్ళాడు. రైల్లో బెర్తుల్లా మూడేసి మంచాలు ఒకదాని మీద ఒకటి. అతనిది మధ్యది. తలదగ్గర చిన్న దీపం, తెర, పక్కన ఒక ఇనప బీరువా. అది నా వంటింటి అలమరలో సగం కూడా ఉండదు. అదే అతని ఇల్లు. లేచి కూర్చుంటే తల తగులుతుంది.

బావగారి ముఖం వాడిపోయింది. జంగారెడ్డిగూడెం డాబాలో ఎనిమిది గుమ్మాలున్నాయి.

పక్కింటివాళ్ళని అడగాలి కదా. కింద మంచం ఓడ వంటవాడు నాయక్‌ది. బరంపురం మనిషి, తెలుగు బాగానే వచ్చు. సూరిబాబుని నీళ్ళు తెమ్మని పంపించి, ఈ అబ్బాయి ఎలాంటివాడు బాబూ అని అతణ్ణి అడిగాను. నాయక్ ఫిర్యాదులు మొదలుపెట్టాడు. తడి తువ్వాలు తన మంచం కడ్డీ మీద ఆరేస్తాడట, ఎన్నిసార్లు చెప్పినా అంతేనట. ఇంకొకటి చెప్పాడు. ఒకసారి బందరు వైపు ఇంజను చెడి కొట్టుకుపోతున్న పడవ దగ్గరికి ఈ సూరి వాళ్ళు రబ్బరు బోటులో వెళ్ళి మనుషుల్ని తెచ్చారు. అందరికీ అన్నాలు పెడుతుంటే, వాళ్ళందరూ తినేదాకా ఇతను తిననన్నాడు. "వాళ్ళు మెల్లిగా తిన్నారమ్మా, రెండు రోజులు ఆకలి కదా. ఈయన కోసం నేను గిన్నెలు పెట్టుకుని కూర్చున్నాను. నిద్ర పాడు" అన్నాడు.

ఇన్ని ఇళ్ళు చూశాను గానీ, పక్కింటివాళ్ళు ఇంత నిజం చెప్పడం ఎప్పుడూ వినలేదు.

పప్పు వాసన

ఈలోగా భోజనాల వేళైంది. వచ్చిన బంధువులందరికీ ఓడలోనే భోజనం. ఇంగువ పోపు వేసిన పప్పు వాసన మెట్ల మీదుగా వస్తోంది. గూడెం పకోడీలు ఎప్పుడో అరిగిపోయాయి. బావగారు గుటకలు మింగుతున్నారు, నేను చూడనట్టున్నాను. అంతకుముందే టీ వద్దన్నాం, బిస్కెట్లు వద్దన్నాం.

నాయక్ కంచాలు తెచ్చి మా చేతుల్లో పెట్టబోయాడు. వద్దు బాబూ అన్నాను. అతను ఒప్పుకోలేదు.

"అమ్మా, ఈ ఓడ ఎక్కినవాడెవడూ తినకుండా దిగలేదు. దొంగ పడవవాళ్ళని పట్టుకున్నా ముందు అన్నం పెడతాం, తర్వాతే కేసు. మీరు దొంగలకంటే ఎక్కువా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆఫీసరు కూడా వచ్చి కూర్చోమంటున్నాడు. అందరూ మమ్మల్నే చూస్తున్నారు. బావగారు కంచం మీద చెయ్యి పెట్టారు, తీశారు. ఇంకొక్కమాట అంటే మొహమాటానికి కూర్చునేవాళ్ళమే.

అప్పుడు సూరిబాబు మా మధ్యకి వచ్చాడు. నాయక్ చేతిలోంచి కంచాలు తీసుకుని వెనక్కి పెట్టేశాడు.

"అడక్కండి భాయ్. వాళ్ళు ఇవాళ తినకూడదు."

"ఉపవాసమా?"

"కాదు. తింటే మాటిచ్చినట్టు మాకు. మొహమాటపెట్టి తీసుకున్న మాట నాకొద్దు."

మెల్లిగానే అన్నాడు, మాకు వినపడాలని కాదు. తను నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, పిల్ల అతనిదయ్యేది. ఆ సంగతి అతనికి మాకంటే బాగా తెలుసు.

నేను ఏదో అనబోయేంతలో గోడలోని మైకు పలికింది. ఇంగ్లీషూ హిందీ కలిపి ఏదో అన్నారు. అప్పటిదాకా నవ్వుతున్న కుర్రాళ్ళందరి ముఖాలూ ఒక్కసారి మారాయి. బంధువులందరూ దయచేసి దిగండి అన్నాడు ఆఫీసరు, ఎంతో మర్యాదగా, అస్సలు ఆగకుండా. సముద్రంలో ఏదో పడవకి కష్టం వచ్చిందట, అంతవరకే చెప్పాడు. సూరిబాబు మాకు ఒక నమస్కారం పెట్టి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

దిగే దారిలో నాయక్ నిలబడి, వండినది పారెయ్యకుండా రేకు పొట్లాలు కట్టి అందరి చేతుల్లోనూ ఒకటొకటి కుక్కుతున్నాడు. మా చేతుల్లోనూ పడ్డాయి. అతనికి ఇప్పుడు వద్దని చెప్పే తీరిక ఎవరికుంది?

ఒడ్డున

రేవు గట్టు మీద నా పక్కన చంటిపిల్లనెత్తుకుని ఒకమ్మాయి నిలబడింది. శ్రీకాకుళం పిల్ల, ఓడలో ఇంజను దగ్గర పనిచేసేవాడి భార్య. ఆత్రంలో నోరు జారి, ఓడ ఎక్కడికి వెళ్తోందమ్మా అని అడిగేశాను. వెంటనే నాలిక్కరుచుకున్నాను, పుట్టి బుద్ధెరిగాక బయల్దేరేవాళ్ళ గురించి ఆ మాట అడగలేదు.

"తెలీదండి. మేం అడగం, వాళ్ళు చెప్పరు" అంది.

మరి ఎలా ఉంటారు అని అడిగాను. విశాఖలో క్వార్టర్సులో ఉంటారట. ఓడ వెళ్ళిన రోజు ఎవరింట్లో వాళ్ళు విడిగా వండుకోరట. ఒకరింట్లో పొయ్యి వెలిగిస్తే అందరూ అక్కడే. ఓడకి సిగ్నలు అందగానే ఎవరో ఒకరికి ఫోనొస్తుంది, ఆమె మిగతా అందరికీ చెబుతుంది. "కొత్తగా పెళ్ళై వచ్చినమ్మాయి ఉంటే పొయ్యి ఆ అమ్మాయింట్లోనే. అలవాటవ్వాలి కదండీ" అంటూ పిల్లని భుజం మార్చుకుంది.

తాళ్ళు విప్పుతున్నారు. అరచెయ్యి అంత లావు తాళ్ళు. ఓడ వెనక భాగంలో వాటిని లాగి చుట్టేవాళ్ళలో సూరిబాబు ఉన్నాడు. తాడు విడిచిన ఇనప దిమ్మ ఒకటి నా పక్కనే ఖాళీగా ఉంది. దాని మీద కూర్చున్నాను. సీసాలో నీళ్ళతో చెయ్యి కడుక్కుని, పొట్లం విప్పాను. అన్నం, పప్పు, బంగాళదుంప వేపుడు. వేడి ఇంకా పోలేదు. కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

"రమణమ్మా, ఏం పనిది?" అన్నారు బావగారు.

"ఆకలేసింది బావగారూ."

"ఆకలేస్తే నీళ్ళు తాగాలి."

"తాగాను. తగ్గలేదు."

ఓడకీ గట్టుకీ మధ్య నీళ్ళు వెడల్పవుతున్నాయి. సూరిబాబు తాడు చుడుతూ తలెత్తి ఇటు చూశాడు. నేను రెండో ముద్ద కలుపుతున్నాను. అతని చేతిలో తాడు ఆగిపోయింది. వెనకవాడు లాగుతున్నా అలాగే నిలబడ్డాడు. పైనుంచి ఎవరో గట్టిగా కేకేశారు. అప్పుడు ఉలిక్కిపడి, వంచిన తల ఎత్తకుండా తాడంతా గబగబా చుట్టేశాడు. చెయ్యి ఊపలేదు. అతనికి పని ఉంది.

బావగారు ఒకసారి ఓడ వైపు చూశారు. తర్వాత పంచె సర్దుకుని నా పక్కన గట్టు మీదే కూర్చున్నారు.

"పిల్ల తండ్రిని నేను" అన్నారు పొట్లం విప్పుతూ. "నాకంటే ముందు నువ్వు తినెయ్యడమేమిటి?"

మాగాయి ఉంటే ఇంకా బాగుండేదని కూడా అన్నారు. టీ కొట్టు దగ్గరికి వచ్చి చూస్తే సంచి భద్రంగానే ఉంది, దద్దోజనం మాత్రం పులిసిపోయింది. కాకినాడ వచ్చి కాజా కొనకుండా వెళ్తామా, రెండు పెట్టెలు కొన్నాం. ఒకటి జంగారెడ్డిగూడెం వాళ్ళకి పంపించి, మంచి మాటతో చెప్పుకుంటానన్నారు బావగారు.

రైలెక్కాక శ్రావణికి ఫోన్ చేశాను. కొట్లో ఉంది, వెనకాల బేరాలు వినపడుతున్నాయి. మంచాలు మూడంతస్తులని, అతనిది మధ్యదని, లేచి కూర్చుంటే తల తగులుతుందని చెప్పాను. తడి తువ్వాలు ఎక్కడ ఆరేస్తాడో చెప్పాను. అన్నీ విని ఊ కొట్టింది. విశాఖలో పొయ్యి సంగతి చెబితే, రెండోసారి చెప్పమని అడిగింది. ఓడ ఉన్నపాటున వెళ్ళిపోయిందే అన్నాను. ఎటు అని అడగలేదు.

"సంచి గేటు దగ్గరే పెట్టేశామని నాన్న మెసేజ్ పెట్టారు. పొద్దుటి నుంచి ఆకలితోనే ఉన్నారా పిన్నీ?"

"లేదమ్మా. ఓడవాళ్ళ పప్పులో ఉప్పు సరిగ్గా సరిపోయింది" అన్నాను.

అవతల ఎవరో కిలో ఎంత అని అడిగారు, మళ్ళీ అడిగారు. బేరం వస్తే నా ఫోనైనా పెట్టేసే పిల్ల, "కాసేపాగండి, చెప్తాను" అంది వాళ్ళతో.